పసిపిల్లలతో వినోదవన సందర్శనము: ఒక విమర్శ

నాటకము జూచివచ్చి విమర్శ వ్రాయుట మనవారికి అలవాటు. కావ్యము జదివి గుణదోషములు చర్చించుటయు అలవాటే. మన సంఘ సంచికలలో ఇంతవఱకు వచ్చిన వ్యాసములలో పెక్కు అట్టివి. ఈ తడవ మేము విమర్శింపబూనినది నాటకము గాదు, కావ్యము గాదు. కొన్ని నెలల క్రిందట మనుమని, మనుమరాలిని వెంటబెట్టుకొని మొదటిసారి పోయి చూచివచ్చిన ఒక వినోదవనము. నేటివారు దీనిని థీమ్ పార్కు అందురు.

ఇది విమర్శకు దగిన వస్తువేనా యని పెద్దలు కొందఱు పెదవి విఱువవచ్చును. నాట్యశాస్త్రము మొదట భరతముని చెప్పిన కథను జ్ఞప్తికి దెచ్చుకొన్నచో ఆ శంక తీరును. దేవతలు బ్రహ్మకడకు బోయి, కంటికిని చెవికిని ఇంపుగొలుపు ఆటవస్తువు నొకదానిని దయచేయుమని వేడుకొనిరట. అందుపై బ్రహ్మ నాట్యవేదమును సృజించెను. నాటకమే ఆటవస్తువుగా పుట్టినదైనప్పుడు, ఆటవస్తువును నాటకమువలె తూచి చూచుటలో దోషమేమియు మాకు కనబడలేదు. మేము చూచిన వనముయొక్క పేరు మాత్రము ఇచ్చట వ్రాయము. ఒకదానిని గూర్చి చెప్పినది తక్కినవానికిని చాలవఱకు వర్తించును. అదియుగాక ఒక సంస్థతో తగవు పెట్టుకొనుట మా యుద్దేశము గాదు.

ఇట్టి ఆటలు నిన్న నేడు పుట్టినవి గావు. రుష్యా దేశమున చలికాలమందు మంచుగడ్డలతో ఎత్తైన జారుడుమెట్టలు కట్టి వానిపైనుండి జారుట పూర్వమే కలదు. 1884వ సంవత్సరమున న్యూయార్కు చెంత కోనీ ద్వీపమున థామ్సన్ అను నతడు ఆ జారుటకు పట్టాలు, బండి చేర్చి, తలకు ఐదు సెంట్లు పుచ్చుకొని జనమును ఎక్కించెను. దాని వేగము గంటకు ఆఱు మైళ్ళు. మా చిన్ననాటి జట్కాబండి అంతకంటె మెల్లగా పోయెడిది గాదు. 1893లో షికాగో మహాప్రదర్శనమునందు ఫెఱ్ఱిస్ అను ఇంజనీరు 264 అడుగుల ఎత్తుగల ఉక్కుచక్రమును నిలిపెను. దానికి 36 పెట్టెలు, పెట్టెకు అఱువదిమంది. మన జాతరలలో జెయింటు వీలు అని పిలుచుకొనునది దాని సంతానమే.

అయితే ఇవి యన్నియు విడివిడి ఆటలు. వీనిని ఒక్క ప్రాకారము లోపల చేర్చి, ఒక కథాలోకమునకు లోబఱచి, కుటుంబము మొత్తమునకు ఒక దినపు విడిదిగా చేసినవాడు వాల్ట్ డిస్నీ. ఆయన తన కూతుండ్ర నిద్దఱిని లాస్ ఏంజెలీసులోని గ్రిఫిత్ పార్కునకు తీసికొనిపోవుచుండెనట. పిల్లలు కొయ్యగుఱ్ఱములపై తిరుగుచుండగా తాను బల్లపై గూర్చుండి వేరుసెనగకాయలు తినుచు, ‘పిల్లలకే గాని పెద్దలకు ఇచ్చట పనిలేకపోయెనే, ఇరువురును కలిసి ఆనందింపదగిన చోటొకటి ఉండరాదా’ యని తలపోసినట్లు ఆయనయే చెప్పుకొనినాడు. మా బెంగుళూరు బసవనగుడిలో కార్తికమాసపు కడపటి సోమవారమున జరుగు వేరుసెనగల పరిషెలో ప్రతి తాతయు చేయు పని అదియే. పొట్లము చేత బట్టుకొని, ఒలుచుకొని తినుచు, మనుమడు దిగివచ్చుదాక కాచుకొనియుండును. ఆ తలపు మాకు ఎన్నడును రాకపోవుట మా ప్రారబ్ధము.

డిస్నీ వనము కాలిఫోర్నియాలోని అనహైమున నారింజతోటలు కొట్టివేసిన నేలపై 1955 జూలై 17న తెఱువబడెను. ఆ మొదటి దినము రసాభాసయైన దినము. దొంగటిక్కెట్లతో వేలమంది చొఱబడిరి. క్రొత్తగా పోసిన తారు గట్టిపడకపోగా స్త్రీల చెప్పుల మడమలు అందులో దిగబడెను. కొళాయి పనివారి సమ్మెవలన త్రాగునీటి కొళాయిలు చాలినన్ని అమరలేదు. మొదటిసారి పసిపిల్లలతో పోయి అలసి సొలసి తిరిగివచ్చు తల్లిదండ్రులకు ఈ వృత్తాంతము కొంత ఓదార్పు. కట్టించినవానికే మొదటి దినము అట్లు గడచినది.

మన దేశమున ఢిల్లీలో 1984 నవంబరున ‘అప్పూ ఘర్’ వెలసెను. 1982 ఏషియా క్రీడల గుఱుతైన ఏనుగుపిల్ల పేరు దానికి పెట్టిరి. 2008లో అది మూతపడినది. 1989లో బొంబాయి చెంత గోరాయిలో ఎస్సెల్ వరల్డు, 1995లో మద్రాసు చెంత తాంబరమునొద్ద కిష్కింత, 1996లో హైదరాబాదు చెంత రామోజీ ఫిలింసిటీ వచ్చినవి. నేడు దక్షిణమున పెద్దనగరము చెంతనెల్ల ఒకటి రెండు ఉన్నవి.

ఇక మా విమర్శకు కొలబద్ద ఏది? బల్లపై గూర్చున్న తండ్రి వేసికొన్న ప్రశ్ననే మేము కొలబద్దగా గైకొంటిమి. పిల్లలును పెద్దలును కలిసి ఆనందించిరా, లేదా?

మేము పోయిన దినము ఆదివారము. మా అమ్మాయి, అల్లుడు, ఆఱేండ్ల మనుమడు, నాలుగేండ్ల మనుమరాలు, మా యింటివారు, మేము, వెరసి ఆఱుగురము. ద్వారమునొద్దనే మొదటి దెబ్బ తగిలెను. మా యింటివారు తెల్లవాఱుజామున లేచి కట్టిన పులిహోర, పెరుగన్నము లోపలికి రానీయలేదు. పసిబిడ్డల పాలసీసా తప్ప వెలుపలి ఆహారము కూడదట. లోపల నొక యిడ్లీకి చెల్లించిన వెలను ఇచ్చట వ్రాసినచో మా యింటివారు మరల బాధపడుదురు.

టిక్కెట్టు వయస్సును బట్టి గాదు, ఎత్తును బట్టి. గోడపై గీసిన గీతకు తల తగిలినచో ఒక రుసుము, తగులకున్నచో వేఱొక రుసుము. ఇది మాకు మిక్కిలి నచ్చినది. ఉద్యోగకాలమంతయు దస్త్రములలో జననతేదీలు సరిచూచినవారము గనుక చెప్పుచున్నాము: మన దేశమున పుట్టినతేదీకంటె ఎక్కువగా మాఱునది మఱియొకటి లేదు. బడిలో ఒకటి, జాతకములో ఒకటి, ఉద్యోగపు పుస్తకములో ఒకటి. గోడమీది గీతకు ఇట్టి మొగమోటములు లేవని అప్పుడు తలచితిమి. ఆ గీతయే మధ్యాహ్నమునకు మమ్ము సిగ్గుపఱచునని ఎఱుగము.

లోపల అడుగిడినంతనే మయసభ జ్ఞప్తికి వచ్చెను. ఒక వైపు కోట, ఒక వైపు కొండ, కొండలోనుండి జలపాతము. రాయివలె నున్నది రాయి గాదు, చెట్టువలె నున్నది చెట్టు గాదు. 1957లో వచ్చిన మాయాబజారు చిత్రమున కౌరవుల విడిది కొఱకు ఘటోత్కచుని అనుచరులు సృజించిన పట్టణమును జూచినవారికి ఇది క్రొత్త గాదు. మనుమడు కొండకడకు బోయి వ్రేళ్ళతో తట్టిచూచెను. డొల్లచప్పుడు వచ్చెను. “తాతా, ఇది ఉత్తుత్తి కొండ!” అని గంతులు వేసెను. మోసపోయినందుకు వాడు చిన్నబుచ్చుకొనలేదు, కనిపెట్టినందుకు పొంగిపోయెను. చెల్లెలు మాత్రము కొండను జూచి, పైన దేవుని గుడి ఉన్నదా యని అడిగెను. ఆమెకు అది కొండయే. ఈ భేదమును చదువరులు మఱువకుందురు గాక. మా విమర్శ అంతయు దానిపైననే నిలిచియున్నది.

మొదట రంగులరాట్నమునకు పోయితిమి. ఇంత పెద్ద వనమున, ఇన్ని కోట్లు వెచ్చించిన యంత్రముల నడుమ, పసివారి విషయమున మాకు నిర్దోషముగా తోచినది ఇది యొక్కటే. మనుమరాలు తెల్లగుఱ్ఱమును ఏఱుకొనెను. మనుమడు నల్లదానిని. వారి తల్లి ప్రక్కన నిలిచి చిన్నదాని నడుము పట్టుకొనెను. గుఱ్ఱముల నడుమ ఒక రథమువంటి ఆసనము కూడ నున్నది. మా యింటివారు మోకాళ్ళనొప్పుల వలన గుఱ్ఱమెక్కలేకున్నను ఆ రథములో ఠీవిగా గూర్చుండిరి. పైనున్న వంకర ఇరుసులు గుఱ్ఱములను మీదికి క్రిందికి ఆడించుచుండ, ముసలివారు, పడుచువారు, పసివారు ఒక్క చుట్టులో తిరిగిరి. ప్రతి చుట్టునకు చిన్నది మావైపు చేయి యూపెను. నాలుగు నిమిషములకంటె ఎక్కువ పట్టలేదు. డిస్నీ ప్రశ్నకు ఆ నాలుగు నిమిషములు తగిన సమాధానము. పేరుకూడ మనకు సిద్ధముగానే యున్నది. పిల్లలు తక్కిన వాని నన్నింటిని ఇంగ్లీషు పేళ్ళతోనే పిలిచిరి గాని దీనిని మాత్రము వారి అవ్వ నోట విని రంగులరాట్నమనియే పిలిచిరి.

అన్నట్లు, పేళ్ళ సంగతి. ద్వారమునుండి పాయిఖానా దాక బోర్డులు కన్నడమున, ఇంగ్లీషున ఉన్నవి. తెలుగు లేదు. ఇందుకు మేము సణుగము. తరతరములుగా అన్నము పెట్టిన నేల భాష బోర్డుపై నుండుట న్యాయము. మా మనుమడు ఆ కన్నడపు టక్షరములను గడగడ చదువుచుండగా మాకు గర్వముగనే యుండెను. కాని బోర్డుపై లేని భాష నోట నుండుటకు అడ్డమేమి? మెలికలు తిరిగిన ఎత్తైన రైలును జూపి దీనినేమందువని మనుమరాలిని అడిగితిమి. కొంతసేపు పరికించి, “కొండచిలువ బండి” అనెను. ఏ నిఘంటుకారుడు ఇంతకంటె మంచి మాట కల్పింపగలడు? ఆనాటినుండి మా యింట రోలర్ కోస్టరునకు అదియే పేరు.

ఇక దోషములలో ముఖ్యమైనదానికి వచ్చుచున్నాము. పిల్లల ఆటలుండు భాగమునకు ప్రక్కనే ఒక చీకటిగుహ కలదు. చిన్న పెట్టెబండిలో గూర్చుండబెట్టి లోపలికి పంపుదురు. వెలుపల గోడపై నవ్వుచున్న బొమ్మ వ్రాసియున్నందున పసివారికి తగినదేయని భ్రమించి ఎక్కితిమి. లోపల నొక మలుపునొద్ద అస్థిపంజరము లేచి కూర్చుండును. ఇంకొక మలుపునొద్ద తెగిన తల మాటలాడును. మనుమడు మొదట ఉలికిపడి, వెంటనే “వైరు కనపడుతోంది తాతా, వైరు!” అని నవ్వసాగెను. మనుమరాలు మా చొక్కాలో మొగము దాచుకొని వెక్కి వెక్కి ఏడ్చెను. బండి ఆగలేదు. ఆపుమని కేకవేసినను వినువారు లేరు. తిరుగవలసిన మలుపులన్నియు తిరిగిన తరువాతనే అది వెలుపలికి వచ్చెను. మూడు రాత్రులు ఆ బిడ్డ దీపము ఆర్పనీయలేదు.

మన అలంకారశాస్త్రమున భయము వేఱు, భయానకము వేఱు. భరతుడు చెప్పిన ఎనిమిది రసములలో భయానకము ఒకటి. దానికి స్థాయిభావము భయము. అడవిలో పులిని జూచినవానికి కలుగునది భయము. దసరాలో పులివేషమును జూచినవానికి కలుగునది భయానకరసము. ఒకటి పాఱిపొమ్మనును, రెండవది ఇంకొకమాఱు చూడుమనును. ఈ రెంటికి నడుమనున్నది ‘ఇది ఉత్తుత్తి’ యను ఎఱుక. కొండను తట్టిచూచిన ఆఱేండ్లవానికి ఆ ఎఱుక కలదు గనుక వాడు గుహలో రసము ననుభవించెను. కొండపై గుడిని వెదకిన నాలుగేండ్లదానికి ఆ ఎఱుక లేదు గనుక ఆమె వట్టి భయమునే పొందెను. ఒకే బండిలో, ఒకే టిక్కెట్టుపై, ఒకనికి నాటకము జరిగెను, ఒకతెకు నిజముగా శవము లేచెను. వనమును కట్టినవారు ఎత్తును కొలిచిరి గాని ఈ ఎఱుకను కొలువలేదు. గుహ ద్వారమున ఎత్తుగీత లేదు, ఎందుకనగా బండి మెల్లగా పోవును, పడిపోవు ప్రమాదము లేదు. ప్రమాదమనగా ఎముక విఱుగుట యొక్కటియే యని వారి లెక్క.

మన ప్రాతవారు దీనిని బాగుగా ఎఱిగియుండిరి. మా బాల్యమున కోలారు సీమలోని మా తాతగారి పల్లెలో తోలుబొమ్మలాట ఆడెడివారు. కుంభకర్ణుని బొమ్మ తెరపై నిండుగా లేచి దవడలు ఆడించునప్పుడు ముందువరుసలో చాపపై నున్న పిల్లలము ఒకరి నొకరము పట్టుకొనెడివారము. సరిగా అప్పుడే కేతిగాడో జుట్టుపోలిగాడో ఊడిపడి, బంగారక్కతో తగవు పెట్టుకొని, ఊరివారి పేళ్ళు కూడ జొనిపి హాస్యమాడెడివారు. పిల్లలు ఫక్కున నవ్వెడివారు. ఏడుపు మాననివాడుండినచో తల్లి యెత్తుకొని వెలుపలికి పోవుటకు త్రోవ యుండెను. తెర చుట్టును చీకటే గాని గోడలు లేవు. భయమును ఎంతసేపు ఉంచవలెనో, ఎప్పుడు విప్పవలెనో ఆడించువానికి తెలియును, ఎందుకనగా పిల్లల కేకలు అతని చెవిని పడుచుండెను. జాతరలో చేతితో త్రిప్పు కొయ్యరాట్నపువాడును అంతియే. బిడ్డ బెదరి ఏడ్చినచో చుట్టు తగ్గించి దింపివేసెడివాడు. విద్యుత్తుతో తిరుగు యంత్రమునకు చెవులు లేవు.

వరుసల మాట కొంచెము చెప్పవలెను. ఒక్కొక్క ఆటకు ఎండలో ముప్పావుగంట నిలిచితిమి. ఆట మూడు నిమిషములు. పెద్దలకు ఇది ఓర్పునకు పరీక్ష. పసివానికి ముప్పావుగంట ఒక యుగము. దానికి తోడు హెచ్చు రుసుము చెల్లించినవారికి వేఱొక వరుస. వారు మా ప్రక్కనుండియే నడచి ముందు ఎక్కుచుండిరి. “వాళ్ళు మనకన్నా ముందు వచ్చినారా తాతా?” అని మనుమడు అడిగెను. ఏమని చెప్పుదుము? దేవళములలోనే శీఘ్రదర్శనపు టిక్కెట్లుండగా వినోదవనమును తప్పుపట్టుట మాకు చేతగాలేదు. లేదు, తరువాతనే వచ్చినారని ఉన్నమాట చెప్పితిమి. వాడు మఱి యడుగలేదు. చదువరులలో పసివారితో పోదలచినవారికి మా మనవి ఒక్కటి: ద్వారము తెఱచునప్పటికే పోయి, పిల్లల ఆటలు ముందు ముగించుకొని, మధ్యాహ్నము రెండు మూడు గంటలకే తిరుగుముఖము పట్టుడు. టిక్కెట్టు వెల రాబట్టుకొనవలెనని సాయంకాలము దాక ఉండినచో అందఱును ఏడ్చెదరు, పెద్దలుకూడ.

నీటి విభాగమున అలలకొలను కలదు. గోడవెనుక అఱలలోనికి గాలిని బలముగా కొట్టి నీటిని త్రోయుటచేత అలలు లేచునట. అందఱును నైలాను దుస్తులు ధరింపవలెను. నూలుబట్టలకు ప్రవేశము లేదు. మా యింటివారును మేమును గట్టునుండితిమి. అల అంచున, చీలమండ దాక వచ్చు నీటిలో, మనుమరాలు గుహను మఱచి గంటసేపు ఆడుకొనెను. అంత యంత్రమును పెట్టి వారు చేసినది సముద్రపుటొడ్డు. సముద్రము లేని ఊరివారము గనుక అది గొప్పయే.

ఇప్పుడు మధ్యాహ్నపు సంగతి. దీనిని వ్రాయుదమా మానుదమా యని చాల ఆలోచించితిమి. ఇతరుల దోషములను ఇన్ని పుటలలో చెప్పి మా దోషమును దాచుట విమర్శకునికి తగదని వ్రాయుచున్నాము.

పిల్లల విభాగమున చిన్న కొండచిలువ బండి ఒకటి కలదు. పెద్దదానివలె తలక్రిందులుగా పోదు. గొలుసు దానిని మిట్టపైకి లాగి విడిచిపెట్టును, అటుపిమ్మట ఇంజను సాయము లేకయే తన బరువుతో తాను దిగుచు ఎక్కుచు చుట్టివచ్చును. మనుమడు ఉదయమునుండి దానినే కలవరించుచుండెను. ముప్పావుగంట నిలిచి మొదటికి వచ్చితిమి. అచ్చట కఱ్ఱకు గీత యున్నది. వాని తల గీతకు రెండు వ్రేళ్ళు క్రింద నిలిచెను. వాని పెదవులు వణుకుట చూచితిమి. వెంటనే వంగి, మెల్లగా, తెలుగున, “మడమలెత్తి నిలబడరా” అంటిమి.

పరాయి గుంపులో తెలుగు మనకు రహస్యభాష గదా. బేరములాడునప్పుడు, రైలులో ఎదుటివారిని గూర్చి చెప్పుకొనునప్పుడు మన కుటుంబములలో అందఱును చేయు పనియే ఇది. మనుమడు మామాట జవదాటనివాడు గనుక మడమలెత్తెను. తల గీతను తాకెను.

కఱ్ఱ పట్టుకొన్న కుఱ్ఱవానికి ఇరువది యేండ్లుండును. అంతవఱకు కన్నడముననే మాటలాడుచున్నవాడు మమ్ము జూచి నవ్వి అనెను గదా: “తాతా, మడమలెత్తితే నాకు తెలీకపోయినా బెల్టుకు తెలుస్తాది. వీనికి అది వదులైతాది. దిగేటప్పుడు జారితే ఎవరు పట్టుకుంటారు? ఇంగొక ఏడాది పోనీండి, నేనే కూసోబెడతా.”

పావగడ కుఱ్ఱవాడట. ఆ సీమలో తెలుగు ఇంటింట నున్న సంగతి మాకు తెలియనిది గాదు. వెనుక వరుసలోనివారు చూచుచుండిరి. మా అల్లుడు తలవంచుకొనెను. మేము మాఱుమాటాడక బిడ్డ చేయి పట్టుకొని వెలుపలికి వచ్చితిమి. ఆ కుఱ్ఱవాడు కసరినను మాకు అంత కష్టముగా ఉండెడిది గాదు. పెద్దవారికి ఇచ్చు మర్యాద నిచ్చి, తాతా యని పిలిచి, మా భాషలోనే మా తప్పు చూపించెను. ఇంట తెలుగు మాటలాడుడని ఆ పిల్లలను ఏండ్లతరబడి పోరుచున్నవారము మేము. ఆ భాషను మేము వానిచేత మొదటిసారి అబద్ధమాడించుటకు వాడుకొంటిమి. నోటితో గాకపోయినను మడమలతో.

ఆ గీత అర్థము మాకు ఆవల బల్లపై గూర్చుండినప్పుడు తెలిసినది. బండిలోని అడ్డుకడ్డీయు, నడికట్టును ఒక పరిమాణముగల శరీరమునకు అమర్చబడినవి. అంతకు చిన్నదైన శరీరము మిట్టపైనుండి దిగునప్పుడు ఆసనమునుండి లేచి, కడ్డీ క్రిందనుండి జాఱగలదు. రెండు వ్రేళ్ళే గదా యని మేము గుమాస్తాబుద్ధితో లెక్క వేసితిమి. దస్త్రములో రెండు దినములు అటునిటు సర్దినట్లు. చీకటిగుహ విషయమున చెవులు లేని యంత్రమని దూషించిన మేము, యంత్రము ప్రక్కన చెవులుగల మనుష్యుని నిలిపిన చోటనే వానిని మోసపుచ్చజూచితిమి. గుహకడ అట్టివాడొకడు నిలిచియుండినచో, చిన్నదానిని జూచి “ఈ పాపకు వద్దు తాతా” అనియుండును. ఆ వనమునకు మా సూచన యేదైనను కలదన్నచో ఇదియే: ఆ కుఱ్ఱవానివంటివానిని ఒకనిని గుహద్వారమున కూడ నిలుపవలెను.

మనుమడు ఆ దినము పెద్దగా ఏడ్వలేదు. ఐస్‌క్రీము తినుచు, “తాతా, మడమలెత్తడం తప్పా?” అని మాత్రము అడిగెను. తప్పేయంటిమి. “మఱి నువ్వెందుకు ఎత్తమన్నావు?” నీవు ఏడ్చెదవేమోనని భయపడితిననుట తప్ప మాకు సమాధానము దొరకలేదు. వాడు కొంతసేపు ఆలోచించి, తన ఐస్‌క్రీమును మాకు ఒక చెంచా పెట్టెను.

తిరిగివచ్చిన మఱునాడు వాడే పడకగది తలుపుచట్రముపై పెన్సిలుతో, మా కొలబద్ద తెచ్చి, ఆ కఱ్ఱమీది గీత ఎత్తునకు సరిగా గీత గీయించుకొనెను. ప్రతి ఆదివారము స్నానము చేసివచ్చి దాని క్రింద నిలుచుండును. మడమలు నేలకు గట్టిగా ఆనించి, “చూడు తాతా, ఎత్తలేదు” అని మాచేత వంగి చూపించుకొనిన తరువాతనే కొలువనిచ్చును. మొన్నటి ఆదివారము కొలిచితిమి. గీతకు ఇంకను ఒక వ్రేలు తక్కువగా నున్నది.